నూనె పట్టించిన రాగిరేకు ఎన్నాళ్లు జారుతుంది?

గత శ్రావణమాసంలో నేను అరచేయంత రాగిరేకు ఒకటి పాత వార్తాపత్రికలో చుట్టుకుని, ఛత్రపురం దాటాక సముద్రం వైపున ఉన్న మా మావయ్యగారి బట్టీకి వెళ్లాను, మొగలి పూలను కాచి రూహ్ అనే సుగంధ తైలం తీసే బట్టీ అది. ఆ రేకు మీద కంటికి కనబడనంత సన్నని ముళ్లు మొలిపించి, ఆ ముళ్ల సందుల్లో సిలికోన్ నూనె నింపి ఉంచాను. రేకును కొద్దిగా వాల్చి నీటిచుక్క వేస్తే, ఆ చుక్క తామరాకు మీది బొట్టులా గుండ్రంగా లేచి నిలబడదు. కాస్త చదునుగానే ఉంటుంది, కానీ ఎక్కడా పట్టు దొరకనట్టు ఆగకుండా జారి కిందికి పోతుంది, పోయిన దారిలో తడి మిగలదు. మావయ్య రెండు మూడు సార్లు తానే చుక్కలు వేసి చూశారు. తర్వాత ఆయన అడిగినవి రెండే మాటలు.

“బాగుంది గానీ, ఈ నూనె ఎన్నాళ్లుంటాదిరా? ఉండకపోతే, పోయిందంతా నా రూహ్‌లోకే కదా పోతాది?”

ఈ జారుడు తలాల మీద నేను చదివిన పరిశోధన పత్రాల్లో మొదటి ప్రశ్నకు జవాబు ఉంటే ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుంది. రెండో ప్రశ్న వేసినవారు అరుదు. ఇంట్లో తెలుగు, బట్టీలో ఒడియా, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ బరంపురంలో పిల్లలకు ఉష్ణ బదిలీ పాఠం చెప్పుకునే నేను, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మావయ్య అడిగిన ఈ రెండు ప్రశ్నల చుట్టూనే అప్పటి నుంచి తిరుగుతున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ తిరుగుడులో తేలిన సంగతులే.

ముందుగా ఆవిరి సంగతి. చల్లని లోహానికి ఆవిరి తగిలి నీరుగా మారడం రెండు రకాలుగా జరుగుతుంది. శుభ్రమైన లోహానికి నీటిని పట్టుకునే గుణం ఉంటుంది కనుక నీరు పొరలా పరుచుకుని కిందికి కారుతుంది. ఈ పొర మందాన్నీ దాని గుండా పోయే వేడినీ లెక్కకట్టే సిద్ధాంతాన్ని నుస్సెల్ట్ 1916లో ఇచ్చాడు, నేటికీ పాఠ్యపుస్తకాల్లో అదే చెబుతున్నాం. నీటిని పట్టుకోని తలం మీద మాత్రం ఆవిరి చుక్కలుగా కడుతుంది, చుక్కలు పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి జారిపోతాయి, జారిన చోట బోడి లోహం మళ్లీ ఆవిరికి ఎదురవుతుంది. ఇలా చుక్కలుగా కట్టినప్పుడు వేడి ఎన్నో రెట్లు సులువుగా పోతుందని ష్మిట్, ఆయన తోటివారు 1930లో చూపించారు. పొరకూ చుక్కకూ తేడా సాధారణంగా అయిదు నుంచి పది రెట్లు ఉంటుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు.

తొంభై ఏళ్లకు పైగా తెలిసిన ఈ లాభం ఇప్పటికీ విద్యుత్ కేంద్రాల కండెన్సర్లలోకి, అంటే ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే యంత్రాల్లోకి, ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: నీటిని పట్టుకోని ఆ గుణం నిలవదు. ఒలీయిక్ ఆమ్లం వంటి కొవ్వు ఆమ్లాలను, గంధకం ఉన్న కొన్ని సేంద్రియ పదార్థాలను రాగికి పట్టిస్తే చుక్కలు కడతాయి, కానీ ఆవిరి కడిగేసేకొద్దీ ఆ పూత పలచబడి కొన్నాళ్లకు మళ్లీ పొర మొదలవుతుంది. మందంగా ప్లాస్టిక్ పూత వేస్తే నిలుస్తుంది గానీ ఆ పూతే వేడికి అడ్డుగోడ అవుతుంది. పలచగా వేస్తే వేడి పోతుంది, పూత ఊడుతుంది. కండెన్సర్ గొట్టం ఏడాదికి 8,760 గంటలు పనిచేయాలి, అలా చాలా ఏళ్లు పనిచేయాలి. ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నం పాటు చూపిన చమత్కారం దాని దగ్గర చెల్లదు.

2011లో హార్వర్డ్‌లోని జొవానా ఐజెన్‌బర్గ్ బృందం వేరే దారి చూపింది. ఘనమైన పూత ఊడిపోతుందన్నది బాధ అయితే, పూతను ద్రవంగానే ఉంచితే సరిపోతుందన్నది ఆ ఆలోచన. నెపెంథిస్ అనే కూజా మొక్క పెదవి మీద నీటి పొర నిలిచి ఉంటుంది. పురుగు దాని మీద కాలు పెడితే కాలు ఆకుకు కాక నీటికే తగులుతుంది, అందుకే జారి కూజాలో పడుతుంది. ఈ సంగతిని బోన్, ఫెడర్లే 2004లో వివరించారు. మన దేశంలో ఈ జాతి మొక్క ముఖ్యంగా మేఘాలయ కొండల్లో పెరుగుతుంది. మొక్క నీటిని వాడుకున్న చోట మనిషి నూనెను వాడాడు. గరుకు తలం సందుల్లో నీటితో కలవని నూనెను నింపితే, పైన పడ్డ నీటికి తగిలేది నూనె మాత్రమే. మరుసటి ఏడాదే మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని కృపా వారణాసి బృందం అటువంటి తలాల మీద ఆవిరి నీరయ్యే తీరును పరిశీలించి ప్రచురించింది. 2013లో మరో బృందం నూనె పట్టించిన తలం మీద, మామూలుగా నీటిని పట్టుకోని తలంతో పోలిస్తే, ఉష్ణ బదిలీ గుణకం (ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు తలం గుండా పోయే వేడి) దాదాపు రెట్టింపు అయిందని చూపింది. నూనె మీద చుక్కలు చాలా చిన్న సైజులోనే జారిపోతాయి కనుక ఇది నమ్మదగినదే.

ఇలా పనిచేయాలంటే మూడు షరతులు కుదరాలి. నూనె నీటిలో కలవకూడదు. గరుకు తలానికి నీటి కంటే నూనె మీదే మక్కువ ఎక్కువ ఉండాలి, లేకపోతే నీరు మెల్లగా కిందికి దూరి నూనెను పైకి నెట్టేస్తుంది. సందులు నూనెను కేశనాళికీయతతో, అంటే దీపం వత్తి నూనెను లాగి పట్టుకున్నట్టు, పట్టి ఉంచేంత ఇరుకుగా ఉండాలి. పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. మన్నిక ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ మూడూ కుదిరినా నూనె పోతూనే ఉంటుంది.

అది పోయే దారుల్లో కొన్నింటిని తేలికగా దాటేయవచ్చు. నూనె ఆవిరైపోతుందన్నది ఒకటి. పెద్ద అణువులున్న నూనెను ఎంచుకుంటే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. నింపిన కొత్తలో సందులను దాటి పైన నిలిచిన మిగులు నూనె బరువుకే కిందికి కారుతుంది. అది కారడమే మంచిది, ఆ మందం వేడికి అడ్డే. గీత పడితే నూనె దానంతట అదే వచ్చి కప్పుతుంది, తలం తనను తానే బాగుచేసుకుంటుంది అని ఈ తలాల గురించి గొప్పగా చెబుతారు. నిజమే, కప్పుతుంది. అయితే ఆ ఖర్చు కూడా ఉన్న మూటలోంచే జరుగుతుందని చెప్పరు.

అసలు నష్టం చుక్కల వెంట జరుగుతుంది. నూనె తలం మీద కూర్చున్న ప్రతి నీటిచుక్కా తన అంచు చుట్టూ నూనెను పైకి లాగి చిన్న గట్టులా నిలబెడుతుంది. చుక్క జారినప్పుడు ఆ గట్టు కూడా దానితో కదులుతుంది, రేకు చివర చుక్క రాలితే గట్టులో కొంత దానితో రాలుతుంది. పండుగనాడు గడపకు రాసిన పచ్చి పసుపు వచ్చేపోయేవారి కాళ్లకు అంటుకుని ఇల్లంతా, వీధంతా పాకుతుంది కదా, సాయంత్రానికి గడప మీద పసుపు ఎందుకు పలచబడిందో ఎవరూ అడగరు. ఇదీ అంతే. గోడ మీద లక్షల చుక్కలు పుడుతూ రాలుతూ ఉంటే ఒక్కో చుక్క తీసుకుపోయేది లెక్కలోకి రానంత తక్కువ అయినా మొత్తం తక్కువ కాదు.

రెండోది మరింత కనబడని దారి. నీటి తలతన్యత (దాని పైతలంలో ఉండే బిగువు) 20 డిగ్రీల దగ్గర మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు. సిలికోన్ నూనెది 20 దరిదాపుల్లో, నీటికీ ఆ నూనెకూ నడుమ ఉండేది 40 దరిదాపుల్లో ఉంటాయి. ఈ రెండూ కలిపినా నీటి తలతన్యతకు తక్కువే కనుక, నూనె పొర చుక్క పైకి పాకి దాన్ని నిలువునా కప్పేస్తుంది. కంటికి చుక్క మామూలుగానే కనబడుతుంది, కానీ అది సన్నని నూనె చొక్కా తొడుక్కుని ఉంటుంది, రాలినప్పుడు చొక్కాతోనే రాలుతుంది. వేడిమి పెరిగితే ఈ అంకెలు మారతాయి. 100 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత 59 దాకా దిగుతుంది కనుక, చల్లని గదిలో కొలిచిన అంకెలతో వేడి ఆవిరి సంగతి తేల్చేయడం పొరపాటు. ఏ నూనె చొక్కా తొడుగుతుంది, ఏది తొడగదు అన్నది ఆ పనిచేసే వేడిమి దగ్గరే లెక్కకట్టాలి.

ఈ చొక్కా ఖరీదు ఎంతో ఒక సాయంత్రం మేడ మీద కూర్చుని లెక్కవేశాను. చదరపు మీటరు తలం మీద నూనె సగటు మందం 2 మైక్రోమీటర్లు అనుకుంటే మొత్తం నూనె 2 మిల్లీలీటర్లు, అరచెంచా కూడా కాదు. ఆ తలం మీద చదరపు మీటరుకు 50 కిలోవాట్ల చొప్పున వేడి పోతుందనుకుందాం. ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే గుప్తోష్ణం కిలోకు సుమారు 2,400 కిలోజౌళ్లుగా తీసుకుంటే గంటకు 75 కిలోల నీరు దిగుతుంది. రాలే చుక్క వ్యాసార్ధం 1 మిల్లీమీటరు, చొక్కా మందం 10 నానోమీటర్లు అనుకుంటే, చుక్క ఘనపరిమాణంలో చొక్కా వాటా లక్షకు మూడు వంతులు. వినడానికి ఏమీ లేనట్టే ఉంది. కానీ 75 కిలోల నీటికి ఆ లెక్కన గంటకు 2.25 మిల్లీలీటర్ల నూనె పోవాలి. ఉన్నదే 2 మిల్లీలీటర్లు! చుక్కలు ఇంకా చిన్నవైతే తలం ఎక్కువ కనుక నష్టం ఇంకా ఎక్కువ. చిన్న చుక్కలుగా రాలడమే ఈ తలాల గొప్ప అని పైన రాశాను, ఆ గొప్పే నూనెను త్వరగా తోడేస్తుంది. నిజంలో ఇంత వేగంగా జరగదు. చుక్క కిందికి జారుతూ దారిలోని చుక్కలను కలుపుకుని పెద్దదై రాలుతుంది, సందులు ఖాళీ అవుతున్నకొద్దీ మిగిలిన నూనెను గట్టిగా పట్టి ఉంచుతాయి, చొక్కా అల్లుకోవడానికీ కొంత వ్యవధి కావాలి. అయినా కొన్ని గంటలా, కొన్ని సంవత్సరాలా అన్న ప్రశ్నకు ఈ చిన్న లెక్క చెప్పే జవాబు ఏ వైపు ఉందో దాచనక్కర్లేదు.

మందంగా నూనె పోస్తే సరిపోదా అని తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. సరిపోదు. నూనె ఉష్ణవాహకత్వం చాలా తక్కువ. సిలికోన్ నూనెకు మీటరుకు డిగ్రీకి 0.15 వాట్ల చుట్టుపక్కల, ఫ్లోరిన్ నూనెలకు ఇంకా తక్కువ ఉంటుంది. నీటికి 0.6, రాగికి 400 దాకా ఉంటాయి. నూనెకు సుమారుగా 0.1 తీసుకుంటే, ఒక్క మైక్రోమీటరు నూనె పొర అడ్డు, చదరపు మీటరుకు డిగ్రీకి 1,00,000 వాట్ల గుణకానికి సమానం. ఆవిరి చుక్కలుగా కట్టినప్పుడు వచ్చే గుణకం కూడా ఆ స్థాయిదే. అంటే ఒక మైక్రోమీటరు నూనె, చుక్కలు తెచ్చిన లాభంలో పెద్ద వాటాను మింగగలదు. 10 మైక్రోమీటర్లు ఉంచితే మొత్తం అడ్డు దాదాపు పాత నీటిపొర అడ్డుకు వచ్చేస్తుంది, ఇంత కష్టపడి మొదటికే వచ్చినట్టు. పలచనిది నిలవదు, నిలిచేది పనికిరాదు. చిక్కని నూనె వాడితే మెల్లగా పోతుంది, కానీ చుక్కలు కూడా మెల్లగా జారతాయి, మెల్లగా జారే చుక్క పెద్దదవుతుంది. ఈ ముడి ఒక కొస లాగితే ఇంకో కొస బిగుస్తుంది.

నేను చేసిన రేకు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది చాలా మామూలుగా చెడిపోయింది. కాస్టిక్ సోడా, అమ్మోనియం పర్‌సల్ఫేట్ కలిపిన ద్రావణంలో రాగిని ముంచితే గది వేడిమి దగ్గరే నీలిరంగు రాగి హైడ్రాక్సైడ్ ముళ్లు మొలుస్తాయి. ముళ్లకు నీటి మక్కువ పోగొట్టడానికి స్టియరిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆరాక సిలికోన్ నూనె పట్టించాను. ఖరీదైన ఫ్లోరిన్ రసాయనాలు మా ప్రయోగశాలకు అందవు, అందినా వాటిని వాడాలన్న ఉత్సాహం నాకు లేదు. వాటి మీద 2023లో యూరప్‌లో విస్తృత నిషేధ ప్రతిపాదన వచ్చింది. రేకు వెనక చల్లని నీరు తిరిగేలా అమర్చి ముందు ఆవిరి పంపాను. మొదటి పూట కిటికీలోంచి చూస్తే సన్నని చుక్కలు చకచకా రాలుతున్నాయి, పక్కన నిలబడ్డ విద్యార్థులు ఫోనుల్లో వీడియోలు తీసుకున్నారు. రెండో రోజు పైభాగంలో చుక్కలు పెద్దవై ఆగి ఆగి జారాయి. మూడో రోజు రేకు పై మూడోవంతులో చుక్కలు అంటుకుని కదలనే లేదు. వింత ఏమిటంటే కింది భాగం ఇంకా బాగానే ఉంది. పైనుంచి చుక్కలు లాక్కొచ్చిన నూనె కిందికి చేరి అక్కడ మిగిలింది. పైభాగం మాత్రం ఏ పూతా లేని రాగి కంటే కూడా అధ్వానమైంది, ఎందుకంటే ముళ్ల సందుల్లో నూనె పోయిన చోట నీరు దూరి పాతుకుంది. నూనె పోతే మామూలు రేకు మిగులుతుందని అనుకోవడం తప్పని అప్పుడు అర్థమైంది. మిగిలేది నీటిని వదలని గరుకు రేకు.

తెరిచి చూశాక నా తప్పు ఒకటి కూడా బయటపడింది. ఆవిరి మొదలుపెట్టే ముందు రేకును అమర్చిన పెట్టెలోని గాలిని పూర్తిగా తరమలేదు. ఆవిరిలో నూటికి అరవంతు గాలి కలిసినా ఉష్ణ బదిలీ సగానికి పడిపోగలదు. ఆ గాలి చల్లని తలం దగ్గర పోగై ఆవిరిని రానివ్వదు. నేను మొదటి పూట చూసి మురిసిపోయిన అంకెల్లో ఎంత నూనె మహిమో, ఎంత గాలి మహిమో విడదీయలేను. అందుకే ఆ అంకెలు ఇక్కడ ఇవ్వడం లేదు.

నూనెను నిలపడానికి చేస్తున్న ప్రయత్నాల్లో నాకు నమ్మకం కలిగించినవి రెండు మూడు ఉన్నాయి. చాళ్లలో నూనె నింపి పైనుంచి నీటిని పారిస్తే ఏమవుతుందని వెక్స్‌లర్, జాకోబీ, స్టోన్ 2015లో చూపించారు. నీరు నూనెను ఈడ్చుకుపోతుంది గానీ చివరిదాకా కాదు, ఒక నిర్ణీత పొడవు నూనెను మాత్రం కేశనాళికీయత వెనక్కి లాగి నిలబెడుతుంది. అంటే చాళ్లను ఆ పొడవు కంటే చిన్నగా, మన వరిపొలాల్లో గట్లు వేసి మడులు చేసినట్టు చేస్తే, నీటి ఒరవడికి నూనె పోదు. ఐజెన్‌బర్గ్ బృందమే 2013లో, పెద్ద గరుకు మీద చిన్న గరుకు పేర్చిన తలాల కంటే ఒకే తీరు నానో గరుకు ఉన్న తలాలే నూనెను బాగా పట్టుకుంటాయని తేల్చింది. ఇవి ఒరవడికి మందులు. చొక్కాకు కావు. చొక్కాకు ఒకే మందు: నీటిని కప్పని నూనె. కొన్ని అయానిక ద్రవాలకు (ద్రవంగానే ఉండే లవణాలకు) ఆ గుణం ఉంది, కానీ ధర చూస్తే కండెన్సర్ మాట మరిచిపోవాల్సిందే.

నీటిని వదిలి శీతలీకరణ ద్రవాల వైపు, హైడ్రోకార్బన్ల వైపు వెళ్లాలని కొందరంటారు. వాటి తలతన్యత మరీ తక్కువ కనుక మామూలు పూతలేవీ వాటిని చుక్కలుగా నిలపలేవు, నూనె తలం నిలపగలదు, ఆ మేరకు వాదన సరైనదే. అయితే 2017లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం బృందం ఒకటి అటువంటి ద్రవాలనూ అందుబాటులోని నూనెలనూ జతలు జతలుగా కలిపి చూసినప్పుడు చాలా జతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ పత్రం శీర్షికలోనే ఆశ, వాస్తవం అన్న రెండు మాటలను ఎదురెదురుగా పెట్టారు. ఈ రంగంలో నేను చదివిన శీర్షికల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. నూనెను అసలు వదిలేసి, ద్రవంలా ఊగే సిలికోన్ గొలుసులను ఒక కొసన తలానికి రసాయనికంగా కట్టేసే పద్ధతిని వాంగ్, మెకార్తీ 2016లో చూపారు. కొన్ని నానోమీటర్ల మందమే కనుక వేడికి అడ్డు లేదు, కట్టేసి ఉంది కనుక చుక్క వెంట పోదు. ఆవిరి ఆ కట్టును ఎన్నాళ్లకు తెంపుతుందన్నదే అక్కడ మిగిలే ప్రశ్న. నా మటుకు నేను పందెం వేయాల్సి వస్తే నూనె మీద కాక ఈ గొలుసుల మీదే వేస్తాను.

ఇక మావయ్య బట్టీ. మొగలి పూలనూ నీటినీ డేగు అనే పెద్ద రాగి పాత్రలో వేసి మూత మట్టితో మూసి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే రాగి పాత్రలోకి వస్తుంది, భప్కా నీటి తొట్టిలో మునిగి ఉంటుంది. డేగు, భప్కా అన్న మాటలు కనౌజ్ అత్తరువారివి, పువ్వును ఒడియాలో కియా అంటారు, మేం మొగలి అంటాం. ఈ మూడు భాషలూ ఆ బట్టీలో ఒకే వాక్యంలో వినబడతాయి. గంజాం మొగలి రూహ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నా రేకును భప్కాలో పెడితే పని వేగమవుతుందని ఆశపడి వెళ్లిన నేను, ఇంటికి వచ్చాక చేయాల్సిన లెక్కను వెళ్లకముందే చేసి ఉంటే బాగుండేది. భప్కా బయట కదలని నీరు ఉంది. దాని వైపు గుణకం మంచి మాటగా చెప్పినా 1,000 వాట్లు. లోపల ఆవిరి పొరగా దిగినా గుణకం 10,000. బయటి అడ్డు లోపలి అడ్డుకు పది రెట్లు ఉన్నప్పుడు లోపల ఎంత గొప్ప జారుడు తలం పెట్టినా మొత్తం మీద లాభం నూటికి పది దాటదు. తొట్టిలో నీరు వేడెక్కగానే మావయ్య పనివాళ్లు చేత్తో కలిపి, కొత్త నీరు పోసి చేస్తున్నది అంతకంటే ఎక్కువ లాభం తెస్తుంది. చల్లని నీరు గొట్టంలో వేగంగా పారే విద్యుత్ కండెన్సర్‌లో అయితే ఇదే మార్పు మూడోవంతు దాకా ఇవ్వవచ్చు. అందుకే అక్కడ ఈ గొడవంతా.

పోయిన నూనె రూహ్‌లోకే పోతుందన్న ఆయన రెండో మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు. సిలికోన్ నూనె కలిసిన రూహ్‌ను ఎవరూ కొనరు, కొనకూడదు. కానీ ఆ సాయంత్రం భప్కా కడగడానికి తెరిచినప్పుడు చూసిన ఒక విషయం నన్ను ఇప్పటికీ వదలలేదు. చింతపండుతో తోమి తళతళలాడించిన పాత్ర లోపల నీళ్లు చల్లితే నీరు పొరలా పరుచుకుంది. పక్కనే అప్పుడే దించిన, ఇంకా తోమని పాత్ర మెడలో నీరు చుక్కలు చుక్కలుగా నిలబడి, కొద్దిగా వంచగానే జారింది. మొగలి తైలం రాగికి పట్టి ఉంది. ఇది నా రేకులాంటి నూనె నిండిన తలం కాదు, అణువుల మందం పూత మాత్రమే కావచ్చు. అయినా దానికి నా రేకుకు లేని ఒక వసతి ఉంది. కడుక్కుపోయిన పూతను వెనక వచ్చే ఆవిరే మళ్లీ తెచ్చి ఇస్తుంది. పాతకాలపు ఆవిరి యంత్రాల్లో కూడా సిలిండరుకు పోసిన నూనె ఆవిరితో కొట్టుకువచ్చి కండెన్సర్లకు పట్టేది. అప్పటి ఇంజనీర్లకు అది బాయిలర్‌ను పాడుచేసే బెడద, వడగట్టడానికి నానా తంటాలు పడేవారు.

కనుక మన్నిక గురించి ఎవరైనా నాకు చెప్పాలనుకుంటే, మొదటి రోజు ఎన్ని రెట్లు లాభం వచ్చిందో కాక, కిలో నీరు దిగడానికి ఎన్ని మిల్లీగ్రాముల నూనె పోయిందో చెప్పాలని కోరుతాను. ఆ ఒక్క అంకె ఉంటే ఎవరి కండెన్సర్‌కు వారు లెక్క వేసుకోగలరు. ఎన్నాళ్లకు నూనె మళ్లీ పట్టించాలో, ఎంత నూనెను ఆవిరితో పాటే పంపితే సరిపోతుందో, ఆ నూనెను నీటిలోంచి తిరిగి తీయడానికి అయ్యే ఖర్చు మిగిలే వేడి ఖర్చు కంటే తక్కువో ఎక్కువో తేల్చుకోగలరు. బండి ఇరుసుకు కందెన పెట్టేవాడు కందెన శాశ్వతంగా ఉండాలని కోరుకోడు, ఎన్ని కోసులకు ఒకసారి పెట్టాలో తెలుసుకుంటాడు. ఈ తలాలను కూడా పూతగా కాక ఖర్చయ్యే సరుకుగా చూడడం మొదలుపెడితే సగం వాగ్దానాలు వాటంతట అవే రాలిపోతాయి.

పూలు లేని నెలల్లో డేగులు ఖాళీగానే ఉంటాయి. కార్తీకం వెళ్లాక మావయ్యకు ఫోన్ చేసి అడిగాను. “పూలు లేనప్పుడు ఉత్తనీళ్లు కాచుకో, నాకేటి. కానీ నీ నూనె ముట్టిన భప్కా మళ్లీ పూలకి రాదు, అది నువ్వే ఉంచుకో” అన్నారు. అలా పాతదీ, మెడ దగ్గర అతుకు పడినదీ ఒక భప్కా నా వాటాకు వచ్చింది. దానిలో ఈసారి రెండు రేకులు వేలాడుతున్నాయి, ఒకటి ముందు రేకులాంటిదే, రెండోదాని వెనక రాగిపొడిని కాల్చి అతికించిన మెత్తని పొర ఉంది, నూనె అందులో నిల్వ ఉండి ముందుకు ఊరుతుందని ఆశ. రోజూ సాయంత్రం దిగిన నీటిని తూచి, రేకులను ఆరబెట్టి తూచి, కాపీలో మూడు గళ్లు నింపుతున్నాను: నీరు కిలోల్లో, మొదటి రేకు బరువు మిల్లీగ్రాముల్లో, రెండో రేకు బరువు మిల్లీగ్రాముల్లో.